పంటు రేవులు కొత్తగా కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి పాయల మీద బైకులు, ఆటోలు, కార్లు పంటు (బళ్లని ఎక్కించుకుని నది దాటించే వెడల్పాటి పడవ) మీద దాటే రేవుల గురించి ఎక్కడ మాట్లాడినా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. అన్నిటికీ ఒకచోట జవాబు ఉంటే బాగుంటుందని రాస్తున్నాను.

ఏ రేవుల గురించి మాట్లాడుతున్నారు?

ముఖ్యంగా రెండు. ఒకటి వశిష్ఠ మీద నరసాపురం (మాధవాయిపాలెం) – సఖినేటిపల్లి రేవు. రెండోది గౌతమి మీద కోటిపల్లి – ముక్తేశ్వరం రేవు. ఇవి కాక లంక గ్రామాలకి వెళ్లే చిన్న చిన్న రేవులు చాలా ఉన్నాయి, వాటి సంగతి కింద విడిగా రాశాను. నరసాపురం రేవు మూసేశారంటే కారున్నవాళ్లు పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా చుట్టూ తిరిగి రావాలి. కాసేపట్లో నది దాటే బదులు గంట ప్రయాణం చేయాలి. కోటిపల్లి దగ్గర కూడా అంతే, అటు యానాం–ఎదుర్లంక వంతెనకో ఇటు రావులపాలేనికో తిరగాలి.

వంతెన వస్తుందంటున్నారు కదా, మళ్లీ రేవు మీద డబ్బు ఎందుకు తగలేయడం?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఈ రేవులు ఇలా తయారవడానికి కారణం కూడా నా ఉద్దేశంలో ఈ ఆలోచనే. వంతెన మాట దశాబ్దాలుగా వింటున్నాం. వస్తుంది వస్తుంది అంటూ ఉండగా రేవులో ఒక్క కాంక్రీటు పని కూడా సరిగ్గా జరగదు, ఎందుకంటే ఎలాగూ రేపో మాపో అవసరం తీరిపోతుంది కదా అని అందరూ అనుకుంటారు. ఆ రేపు వచ్చేలోపు ఒక తరం పిల్లలు ఆ బురదలోనే దాటి కాలేజీ చదువు పూర్తి చేసేశారు.

అస్సాంలో మాజులీ ద్వీపం సంగతి చూడండి. జోర్హాట్ – మాజులీ వంతెనకి 2021లో శంకుస్థాపన జరిగింది, పనులు మధ్యలో ఆగిపోయాయి, జనం ఇంకా ఫెర్రీ మీదే ఆధారపడాల్సి వచ్చింది. వంతెన వచ్చాక కూడా ఫెర్రీ అవసరం ఉండే చోట్లు ఉన్నాయి. కొచ్చిలో వైపీన్ ద్వీపాన్ని ఎర్నాకుళంతో కలుపుతూ గోశ్రీ వంతెనలు 2004లోనే వచ్చాయి. అయినా ఫోర్ట్ కొచ్చి – వైపీన్ మధ్య నేరుగా దాటే దారి కావాలని 2018లో కొత్త రో-రో పడవలు (బళ్లు నేరుగా ఎక్కి దిగేవి), వాటికి తగ్గ జెట్టీలు పెట్టుకున్నారు. బంగ్లాదేశ్‌లో పద్మా వంతెన 2022 జూన్‌లో తెరిచాక పాటూరియా ఫెర్రీకి రద్దీ తగ్గింది కానీ అది ఆగిపోలేదు.

ఇంకో మాట. వంతెనకయ్యే ఖర్చు పక్కన పెడితే రేవు ఖర్చు చాలా చిన్నది. వంతెన కావాలని అడగడం మానమని నేను చెప్పడం లేదు, గట్టిగా అడగండి. కానీ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

రేవు పాడైపోయిందని ఎలా తెలుస్తుంది? చూస్తే బాగానే ఉందిగా?

పోటు మీద, అంటే నీళ్లు నిండుగా పొంగినప్పుడు చూస్తే ఏ రేవైనా బాగానే కనిపిస్తుంది. పాటు సమయంలో, నీళ్లు బాగా లాగేసినప్పుడు వెళ్లి చూడండి. బళ్లు పంటు దాకా దిగే ర్యాంపు చివర కాంక్రీటు కింద మట్టి కొట్టుకుపోయి బోలుగా ఉందా? చివరి పలక విరిగి కిందికి వంగిందా? ఇనుప చువ్వలు బయటపడి తుప్పుపట్టాయా? పంటుని కట్టే ఇనుప గుంజ కదులుతోందా, లేక గుంజే లేక మోకుని ఏ రాయికో చెట్టుకో కడుతున్నారా? పంటు అంచుకీ ఒడ్డుకీ మధ్య చెక్కలు, ఇసుక బస్తాలు వేసి బళ్లు ఎక్కిస్తున్నారా? ఇందులో ఏ రెండు కనిపించినా ఆ రేవుకి కాలం చెల్లినట్టే.

ర్యాంపు చివర కింద కోత ఎందుకు పడుతుందంటే, వరద ప్రవాహం ఒక కారణం, కానీ రోజూ జరిగేది ఇంకొకటి ఉంది. పంటు ఒడ్డుకి ఆనించి కదలకుండా ఉండటానికి ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఒడ్డువైపు నెడుతుంటారు, వెనక్కి లాగేటప్పుడు రివర్స్ ఇస్తారు. ఆ ఫ్యాను తోసే నీళ్లు నేరుగా ర్యాంపు కిందికి కొడతాయి. రోజుకి ఎన్నిసార్లు పంటు వస్తే అన్నిసార్లు. పైన ఎంత మందం కాంక్రీటు పోసినా కింద మట్టి పోతే అది విరగాల్సిందే. అందుకే "మళ్లీ ఒక కోటింగ్ వేశాం" అంటే రిపేరు అయినట్టు కాదు.

ప్రమాదాలు నది మధ్యలో జరుగుతాయి కదా, ఒడ్డు మీద ఇంత పట్టింపు ఎందుకు?

నది మధ్యలో జరిగేవి పెద్ద వార్తలవుతాయి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది ఎవరూ మర్చిపోలేరు. కానీ ఫెర్రీల్లో ఒడ్డు కూడా అంతే ప్రమాదకరం. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది మీద తెలినీపాడాలో 2017 ఏప్రిల్‌లో జనం నిలబడి ఉండగానే వెదురు జెట్టీ పెద్ద పోటుకి కూలిపోయి చాలామంది నీళ్లలో కొట్టుకుపోయారు. పడవ కాదు, ఎక్కడానికి నిలబడ్డ జెట్టీ. బంగ్లాదేశ్ పాటూరియా ఘాట్‌లో 2021 అక్టోబర్‌లో లారీలతో వచ్చిన పెద్ద ఫెర్రీ ఘాట్‌కి చేరాక, బళ్లు దింపుతుండగా ఒరిగిపోయింది.

బండి ఎక్కేటప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను, ఇది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. కారు ముందు చక్రాలు పంటు అంచు మీదికి రాగానే ఆ వైపు పంటు కిందికి దిగుతుంది. అదే సమయంలో కారు ముందుకి వచ్చే ఊపుకి, ముఖ్యంగా బ్రేకు వేసినప్పుడు, పంటు ఒడ్డు నుంచి దూరం జరగొచ్చు. పంటుని రెండు వైపులా మోకులతో బిగించి కట్టకపోతే కారు సగం ఒడ్డు మీద, సగం పంటు మీద ఉండగానే మధ్యలో సందు తెరుచుకుంటుంది. బైకు మీద వెనక కూర్చున్న మనిషిని దిగి నడవమనేది కూడా ఇందుకే. అనుభవం ఉన్న సరంగులు (పంటు నడిపేవాళ్లు) మోకు బిగిసిందాకా ఒక్క బండినీ కదలనివ్వరు. కానీ కట్టడానికి గట్టి గుంజే లేని రేవులో ఎంత మంచి సరంగు మాత్రం ఏం చేస్తాడు?

నీటి మట్టం ఎంత మారుతుంది?

రెండు రకాలుగా మారుతుంది, రెండింటినీ కలిపి చూడాలి.

మొదటిది రోజూ వచ్చే పోటు పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మన తీరంలో నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది, నదిలో పైకి వచ్చేకొద్దీ తగ్గుతుంది. అంటే పొద్దున సరిపోయిన ర్యాంపు మధ్యాహ్నానికి సరిపోదు.

రెండోది వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతున్నట్టు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఆ నీళ్లు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లో పంచుకుని సముద్రంలోకి పోవాలి. అందుకే బ్యారేజీ దగ్గరి అడుగులు చూసి రేవు డిజైన్ చేయకూడదు, ఆ రేవులోనే నీటిమట్టం కొలిచే గేజీ పెట్టి కనీసం ఒక ఏడాది చదవాలి. ఎండాకాలంలో పాటు నీటిమట్టం నుంచి శ్రావణం వరద దాకా ఎంత ఎత్తు మారిందో కాగితం మీద లేకుండా గీసిన డిజైన్ ఉత్త ఊహ.

ర్యాంపు ఎంత పొడవు ఉండాలి?

లెక్క తేలికే. కారు కింది భాగం గీసుకోకుండా, ఆటో వెనక్కి జారకుండా ఉండాలంటే వాలు సుమారు 8 నుంచి 10కి ఒకటి ఉండాలి, అంటే 8 నుంచి 10 అడుగుల పొడవుకి ఒక అడుగు దిగుడు. ఒక రేవులో మనం నడపాలనుకునే అత్యల్ప, అత్యధిక నీటిమట్టాల మధ్య తేడా 4 మీటర్లు అనుకుందాం. 8కి ఒకటి వాలైతే 32 మీటర్ల ర్యాంపు కావాలి, 10కి ఒకటైతే 40 మీటర్లు. దానికి పైన బళ్లు ఆగే చోటు, కింద నీళ్లలో చివరి భాగం అదనం. చాలా పాత రేవుల్లో ఇంత పొడవు ఉండదు. అందుకే పాటు మీద బళ్లు ఇసుకలోకి, బురదలోకి దిగి పంటు ఎక్కాల్సి వస్తుంది.

పైభాగం నున్నగా ఉండకూడదు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే అడ్డంగా, కొంచెం ఏటవాలుగా చాళ్లలాంటి గాళ్లు పెట్టాలి, టైరు పట్టు దొరుకుతుంది, నీళ్లు పక్కకి జారిపోతాయి. పోటుకి తడిసి ఆరే భాగంలో పాకుడు పడుతుంది, బైకులు ఎక్కువగా జారేది అక్కడే, దాన్ని వారం వారం గీకి కడగాలి. ఇది ఇంజనీరు పని కాదు, చీపురు పని. కానీ ఎవరి పని అనేది రాసి ఉండాలి.

తేలే జెట్టీ పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

చాలావరకు ఉండదు. ఇనుప పాంటూన్ (నీళ్లమీద తేలే వేదిక) నీటితోపాటు పైకి కిందికి కదులుతుంది, ఒడ్డుకీ దానికీ మధ్య కీలు మీద ఆడే ఇనుప వంతెన ఉంటుంది, పంటు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఆనుతుంది. హుగ్లీ మీద కోల్‌కతా, హౌరా ఘాట్లలో మనుషులు ఎక్కడానికి వాడేవి ఇలాంటివే. బంగ్లాదేశ్‌లో పెద్ద ఫెర్రీ ఘాట్లలో పాంటూన్లు వాడటమే కాక, ఎక్కువ నీరు, మధ్య నీరు, తక్కువ నీరు అని మూడు ఎత్తుల్లో ఘాట్లు పెట్టి కాలాన్నిబట్టి పాంటూన్‌ని ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తారు.

మన దగ్గర ఇబ్బందులు రెండు. వరదలో గోదావరి చెట్లకి చెట్లే మోసుకొస్తుంది, అవి పాంటూన్‌కి అడ్డంపడితే లంగరు గొలుసులు తెగుతాయి, కాబట్టి వరద ముందే దాన్ని విప్పి లోపలికి లాగి కట్టే ఏర్పాటు ఉండాలి. రెండోది ఉప్పునీరు. ఎండాకాలంలో మొగ నుంచి ఉప్పునీళ్లు పైదాకా వస్తాయి, తడిసి ఆరే చోట ఇనుముని వేగంగా తినేస్తాయి. రంగు, తుప్పు ఆపడానికి బిగించే జింకు దిమ్మలు, ఏడాదికోసారి బయటికి లాగి చూడటం, ఇవన్నీ ఖర్చులు. పాంటూన్ కొనడానికి డబ్బిచ్చి దాని మెయింటెనెన్స్‌కి ఇవ్వకపోతే కొన్నేళ్లకి అది తుప్పు ముద్దగా ఒడ్డున పడి ఉంటుంది.

మరి మీ అభిప్రాయం ఏంటి, ఏది మంచిది?

నరసాపురం–సఖినేటిపల్లి లాంటి రద్దీ రేవుకి పొడవైన, వెడల్పాటి గాళ్ల కాంక్రీటు ర్యాంపు, అదికూడా రెండు పంటులు పక్కపక్కన ఆనేంత వెడల్పు. ర్యాంపు చివర షీట్‌పైల్ గోడ (నేలలోకి దిగ్గొట్టిన ఇనుప రేకుల గోడ), దాని ముందు వైరు బుట్టల్లో రాళ్లు. రెండు వైపులా లోతుగా దిగ్గొట్టిన గుంజలు. దీని పక్కన మనుషులకి మాత్రమే చిన్న తేలే జెట్టీ. బళ్లని, నడిచేవాళ్లని ఒకే దారిలో పంపడం ఆపడమే అన్నిటికంటే పెద్ద మార్పు అని నా నమ్మకం. ఇప్పుడు సంచి పట్టుకున్న ముసలావిడ, చంటిపిల్లతో తల్లి, స్కూలు పిల్లలు, రేస్ ఇస్తున్న బైకులు అందరూ ఒకే సందులో తోసుకుంటున్నారు. అంతర్వేది తీర్థం రోజుల్లో, భీష్మ ఏకాదశికి రథం చూడటానికి నరసాపురం వైపు నుంచి వచ్చే జనాన్ని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పాత రేవు ఉన్నచోటే కట్టాలా?

తప్పనిసరేం కాదు, కానీ మార్చాలంటే బలమైన కారణం ఉండాలి. రేవు చుట్టూ ఆటోస్టాండు, బస్సులు, కొట్లు, జనం అలవాటు అన్నీ ఉంటాయి. అయితే నది తన లోతుని మార్చుకుంటుంది. ఒక వైపు కోసుకుంటూ పోతే రెండో వైపు ఇసుక మేట వేస్తుంది. మేట పడుతున్న వైపు ఎంత మంచి ర్యాంపు కట్టినా కొన్నేళ్లకి పంటు దాని దాకా రాలేదు, ప్రతి ఏడూ ఇసుక తోడే డ్రెడ్జింగ్ చేయాలి. అందుకే ముందు నది అడుగు సర్వే చేయించాలి, వరదకి ముందొకసారి, తర్వాతొకసారి. పాత సరంగుల్ని పిలిచి అడగాలి. ఎక్కడ మేట పడుతుందో, ఏ నెలలో పంటు ఎక్కడ నేల తగులుతుందో వాళ్లకి తెలిసినంత ఏ మ్యాపులోనూ ఉండదు.

కట్టేటప్పుడు రేవు నెలల తరబడి మూసేస్తారా?

మూసేయక్కర్లేదు. పాత ర్యాంపు పక్కన కొత్తది కట్టి, అది వాడకంలోకి వచ్చాక పాతది తీసేయాలి. పని డిసెంబర్ నుంచి మే దాకా, వరద సీజన్‌కి ముందే అయిపోవాలి. టెండరు పిలవడం ఆలస్యమై మార్చిలో మొదలుపెడితే జూలై నీళ్లకి సగం పని కొట్టుకుపోతుంది, మళ్లీ బిల్లు, మళ్లీ పని. నీళ్లలో ఉండే కింది భాగాన్ని పాటు సమయంలోనే పోయాలి, లేదా ముందే పోసిన పలకల్ని తెచ్చి పరచాలి. రెండోదే మేలు, నాణ్యత చేతిలో ఉంటుంది.

అసలు ఎవరు కట్టాలి? వేలం పాట పాడుకున్నవాళ్లా, ప్రభుత్వమా?

ఇక్కడే అసలు చిక్కు. రేవుల్ని స్థానిక సంస్థలు వేలం వేస్తాయి, పాటదారుడు డబ్బు కట్టి ఆ గడువులో ఛార్జీలు వసూలు చేసుకుంటాడు. ఏడాది పాట పాడుకున్న మనిషి పాతికేళ్లు నిలిచే ర్యాంపు ఎందుకు కడతాడు? అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆ పద్ధతే అలా ఉంది. ఇసుక బస్తాలు, చెక్కలు, కంకర, అతని గడువుకి సరిపోయేవి అవే.

నా దృష్టిలో శాశ్వత కట్టడం ప్రభుత్వం కట్టాలి, పాటదారుడికి నడపడం, శుభ్రం చేయడం, దీపాలు, లైఫ్ జాకెట్లు అప్పగించాలి. వేలం డబ్బులో కొంత శాతం అదే రేవు మరమ్మతుకి విడిగా పెట్టాలి. పాట గడువు మూడు, ఐదేళ్లు ఉంటే నడిపేవాడికి కూడా కాస్త పెట్టుబడి పెట్టాలనిపిస్తుంది.

అనుమతులు చాలా కావాలంటారు, నిజమేనా?

కావాలి. ఏటిగట్టు మీదుగా ర్యాంపు దిగాలి కాబట్టి జలవనరుల శాఖ ఒప్పుకోవాలి. ఆ ర్యాంపు కోసం గట్టు ఎత్తు ఒక్క అంగుళం కూడా తగ్గించకూడదు, 1986 వరద చూసిన ఊళ్లకి ఇది ఎందుకో తెలుసు. పోటు నీళ్లు వచ్చే ప్రాంతం కాబట్టి తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా చూసుకోవాలి. నడిచే పంటులకి 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్, సర్వే ఉండాలి. ఇవేవీ ఏళ్ల తరబడి ఆపేంత పెద్దవి కావు.

పంటులు పాతవే ఉంచి రేవు ఒక్కటే మారిస్తే చాలా?

సగం లాభం. పంటుకి ముందు, వెనక కిందికి దించే ఇనుప రెక్క ఉంటే కొత్త ర్యాంపు మీద అది చక్కగా పరుచుకుంటుంది, చెక్కలతో పని ఉండదు. గోవాలో మాండోవి మీద తిరిగే ఫెర్రీల్లో ఇలాంటి రెక్కే ఉంటుంది. మన పంటులకి దాన్ని తర్వాత బిగించవచ్చు, కానీ ఆ బరువుకి పంటు ముందుకి వంగుతుందేమో ముందే లెక్క కట్టాలి. ర్యాంపు వాలు, రెక్క పొడవు, పంటు నీళ్లలో ఎంత లోతు మునుగుతుంది, ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఒకే కాగితం మీద ఉండాలి. కట్టేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఇంకొకరు, ఇద్దరూ మాట్లాడుకోకపోతే కొత్త ర్యాంపు మీద మళ్లీ ఇసుక బస్తాలే వస్తాయి.

వరదల్లో కూడా నడుస్తుందా?

నడవకూడదు. కొత్త రేవు వచ్చిందని వరదలో నడపమని ఒత్తిడి చేయకండి. ఏ మట్టం దగ్గర ఆపాలో ర్యాంపు పక్కన గోడ మీద ఎర్రగీత గీసి ఉంచాలి, అది దాటితే ఎవరు అడిగినా పంటు కదలకూడదు. ఆపినన్ని రోజులు వంతెన మీదుగా తిరిగే బస్సులు పెంచాలి.

లంకల రేవుల సంగతి?

వాటికి ఇంత పెద్ద డిజైన్ అక్కర్లేదు, కానీ వాటిని మర్చిపోవడం అన్యాయం. చాకలిపాలెం – కనకాయలంక కాజ్‌వే (పాయకి అడ్డంగా వేసిన తక్కువ ఎత్తు రోడ్డు) ప్రతి వరదకీ మునుగుతుంది, అప్పుడు జనం పడవల్లోనే తిరగాలి. అలాంటి చోట్ల గాళ్ల ర్యాంపు, రెండు గట్టి గుంజలు, ఒక సోలార్ దీపం, లైఫ్ జాకెట్లు పెట్టే పెట్టె, ఇవి చాలు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర అప్పుడు కడుతున్న వంతెన స్తంభాన్ని తగిలి పడవ బోల్తాపడి స్కూలు పిల్లలు పోయారు. వంతెన కడుతున్నన్నాళ్లు పడవ దారి ఎటు, రేవు ఎక్కడ అన్నది ముందే తేల్చుకోవాలి, పని చేసే కాంట్రాక్టులోనే రాయాలి.

ఛార్జీలు పెరుగుతాయా?

ప్రభుత్వ డబ్బుతో కడితే ఆ ఖర్చు టికెట్టు మీద వేయకూడదు. పైగా మంచి ర్యాంపు ఉంటే ఒక్కో పంటు ఎక్కించి దించే సమయం తగ్గుతుంది, అదే డీజిల్‌తో ఎక్కువసార్లు తిరగొచ్చు. ఛార్జీల బోర్డు రెండు ఒడ్డుల్లోనూ కనిపించేలా ఉండాలి, బైకుకి, కారుకి, గూడ్స్ బండికి విడివిడిగా.

మేము ఏం చేయగలం?

"రేవు బాగుచేయండి" అని అర్జీ పెడితే కంకర తోలి వెళ్లిపోతారు. అడిగేది విడమరిచి అడగండి. రేవులో నీటి గేజీ పెట్టమని, వరద ముందు, తర్వాత నది అడుగు సర్వే చేయించమని, ర్యాంపు చివర కోత ఎంత ఉందో పాటు సమయంలో ఫొటోలతో రిపోర్టు ఇవ్వమని, గత వేలం పాటల మీద వచ్చిన డబ్బులో రేవుకి ఎంత ఖర్చుపెట్టారో సమాచార హక్కు కింద చెప్పమని. రెండు ఒడ్డుల గ్రామసభల్లోనూ ఒకే తీర్మానం చేయించండి, ఎందుకంటే నరసాపురం ఒక జిల్లా, సఖినేటిపల్లి ఇంకో జిల్లా, ఒక వైపు కట్టి రెండో వైపు వదిలేస్తే ఏ లాభమూ లేదు. అర్జీ పెట్టడానికి వానలు తగ్గే అక్టోబర్ మంచి సమయం, అప్పుడైతే డిసెంబర్‌కల్లా పని మొదలుపెట్టమని అడగొచ్చు.